పొయ్యిలో కర్ర, చేతిలో బొమ్మ

అనకాపల్లి జిల్లాలో అదొక చిన్న ఊరు. ఊరి వెనక కొండ ఉంది. ఆ ఊళ్లో ఒక డ్వాక్రా సంఘం ఉంది. సంఘంలో పన్నెండు మంది ఆడవాళ్లు. నెలనెలా పొదుపు కడతారు. నెలకి ఒకసారి కూర్చుని మంచీ చెడ్డా మాట్లాడుకుంటారు. వాళ్లలో ఏడుగురు పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్లే.

ఒక నెల మీటింగులో ఒకామె అంది. "ఏడాదంతా పనే కదా. ఒక్క రోజు ఎక్కడికైనా పోయొద్దాం."

కొందరు గుడికి పోదామన్నారు. కొందరు సముద్రం చూద్దామన్నారు. సంఘం లీడరు మాత్రం వేరే మాట చెప్పింది. "ఏటికొప్పాక పోదాం. లక్క బొమ్మలు ఎలా చేస్తారో చూద్దాం."

అందరూ నవ్వారు.

"బొమ్మలు చూడ్డానికి మనమేటి చిన్న గుంటలమా?" అంది అందరికన్నా పెద్దామె. ఆమెను అందరూ పెద్దమ్మ అని పిలుస్తారు. కొండకి పోయి కట్టెలు కొట్టి తెచ్చేది. ఇంట్లో గ్యాసు ఉన్నా, సగం వంట ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే.

"బొమ్మలతో ఆడుకోడానికి కాదు పెద్దమ్మా. చేతిపనితో ఒక ఊరు ఊరంతా పేరు తెచ్చుకుంది. అదెలాగో చూడాలి" అంది లీడరు.

ఏడు నెలల బిడ్డ తల్లి ఒకామె ఉంది. "మా బుడ్డోడికి ఒక గిలక కొనుక్కుంటాను. నేనూ వస్తాను" అంది. అలా ప్రయాణం ఖాయమైంది.

బస్సు బోర్డు

తెల్లవారుజామునే లేచారు. చద్దన్నం మూటలు కట్టుకున్నారు. రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. బస్సు వచ్చింది. ఇదివరకైతే "బాబూ, ఈ బస్సు ఎటు పోతుంది?" అని ఎవరినో ఒకరిని అడిగేవారు. ఇప్పుడు ఎవరినీ అడగలేదు. ముందు అద్దం మీద బోర్డు ఉంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి పైకి చదివారు.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. కండక్టరు టికెట్టు ఇచ్చాడు. టికెట్టు మీద సున్నా ఉంది. బిడ్డ తల్లి ఆ టికెట్టును రెండుసార్లు చదువుకుంది. తర్వాత రవికలో దాచుకుంది.

పెద్ద రోడ్డు మీద అడ్డరోడ్డు అనే చోట దిగారు. అక్కడినుంచి ఆటోల్లో ఏటికొప్పాక చేరారు.

ఏటి ఒడ్డున ఊరు

ఏటికొప్పాక ఎస్. రాయవరం మండలంలో ఉంది. విశాఖపట్నానికి సుమారు 65 కిలోమీటర్ల దూరం. ఇదివరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఊరి పక్కన వరాహ నది పారుతుంది. ఊరి పేరులోనే ఏరు ఉంది.

ఈ ఊరి బొమ్మలను లక్క బొమ్మలు అంటారు. ఆడపిల్లలు గుజ్జనగూళ్లు ఆడుకునే లక్క పిడతలు అందరికీ తెలుసు. చిన్న చిన్న కుండలు, చెంబులు, తిరగలి, రోలు. ఆ లక్క పిడతలకు ఈ ఊరు పెట్టింది పేరు. బొంగరాలు, గిలకలు, కుంకుమ భరిణెలు, గాజులు, దేవుడి బొమ్మలు, ఎడ్లబండ్లు కూడా చేస్తారు.

ఒక పని చేసే చోటికి వెళ్లారు. రేకుల షెడ్డు. లోపల నాలుగు మిషన్లు తిరుగుతున్నాయి. చెక్క పొట్టు నేలంతా పరుచుకుని ఉంది. మగవాళ్లూ ఉన్నారు, ఆడవాళ్లూ ఉన్నారు. ఒక పెద్దాయన ఎదురొచ్చాడు.

"రండమ్మా, రండి. కొంగులు నడుముకి చుట్టుకోండి. జడలు ముడేసుకోండి. మిషను దగ్గర కొంగు ఎగిరితే ప్రమాదం" అన్నాడు.

అందరూ కొంగులు దోపుకున్నారు. పెద్దాయన ఒక్కొక్కటీ చూపించడం మొదలుపెట్టాడు.

ఏ కర్రతో చేస్తారు?

ఒక మూల కర్రలు పేర్చి ఉన్నాయి. పెద్దమ్మ దగ్గరికి పోయి ఒక కర్ర చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. గోటితో గీరింది.

"ఇదేటి బాబూ, అంకుడు కర్రలా ఉంది!" అంది.

"అంకుడేనమ్మా. మా బొమ్మలకి ప్రాణం ఇదే" అన్నాడు పెద్దాయన.

పెద్దమ్మ ఇంకేమీ మాట్లాడలేదు. కర్రను అలాగే పట్టుకుని నిలబడింది.

అంకుడు అడవుల్లో, కొండ వాలుల్లో పెరిగే చెట్టు. మరీ పెద్ద చెట్టు కాదు. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. తెల్లని పూలు పూస్తుంది. కాయలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. రెండేసి చొప్పున జంటగా వేలాడతాయి. ఆ కాయలు చూస్తే అంకుడు చెట్టును ఎవరైనా గుర్తుపట్టవచ్చు.

అంకుడు కర్ర తెల్లగా ఉంటుంది. మెత్తగా ఉంటుంది. నార సన్నగా, ఒకేలా ఉంటుంది. అందుకే ఉలి పెడితే పెళుసుగా విరగదు. నున్నగా చెక్కుకు వస్తుంది. కర్ణాటకలో చన్నపట్న అనే ఊరు ఉంది. అక్కడి బొమ్మలకూ మంచి పేరుంది. వాళ్లు కూడా ఈ కర్రే వాడతారు.

అన్ని బొమ్మలకూ ఒకే కర్ర పనికిరాదు. కృష్ణా జిల్లా కొండపల్లి అని విన్నాం కదా! అది ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఆ కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి కర్ర కావాలి. అక్కడ చేతితో చెక్కుతారు. కాళ్లూ చేతులూ విడిగా చేసి అతికిస్తారు. ఏటికొప్పాకలో మాత్రం కర్రను తిప్పుతూ చెక్కుతారు. ఆ బొమ్మలు ఎక్కువగా గుండ్రంగా, మూలలు లేకుండా ఉండడానికి కారణం అదే.

పచ్చి కర్రతో బొమ్మ చేయకూడదు. చేస్తే ఆరిన తర్వాత పగులుతుంది. అందుకని బెరడు తీసి కర్రను ముందు బాగా ఆరబెడతారు. తర్వాత కావలసిన కొలతకు ముక్కలు కోస్తారు.

తిరిగే కర్ర, ఆగే ఉలి

కర్ర ముక్కను మిషనుకు బిగిస్తారు. ఈ మిషనును లేత్ మిషను అంటారు. పాత మాటలో తరిమెన అంటారు. కరెంటు వేయగానే కర్ర గిర్రున తిరుగుతుంది. పనివాడు ఉలిని కదలకుండా పట్టుకుంటాడు. తిరిగే కర్రకు ఉలి మొన ఆనిస్తాడు. పొట్టు రిబ్బన్లాగా లేస్తుంది.

మామూలు వడ్రంగంలో కర్ర ఆగి ఉంటుంది, ఉలి కదులుతుంది. ఇక్కడ ఉలి ఆగి ఉంటుంది, కర్ర కదులుతుంది. కుమ్మరి సారె లాంటిదే ఇది. కుమ్మరి సారె మీద మట్టి తిరుగుతుంది. చెయ్యి నిలకడగా ఉంటుంది. చెయ్యి నిలకడే అసలు విద్య.

కరెంటు మోటార్లు రాకముందు ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు తాడు లాగుతూ కర్రను తిప్పేవారు. ఇంకొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు మోటారు తిప్పుతుంది. పని బేగి అవుతుంది. కానీ ఉలి పట్టే చెయ్యి మాత్రం మనిషిదే.

వాళ్లు చూస్తుండగానే ఒక కర్ర ముక్క బొంగరం అయింది. బిడ్డ తల్లి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

"కళ్లలో పొట్టు పడదా?" అని అడిగింది ఒకామె.

"పడుతుందమ్మా. ముక్కులోకి కూడా పోతుంది. అందుకే ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి" అని చెప్పింది అక్కడ పనిచేసే ఆమె. ఆమె మెడలో గుడ్డ ఉంది. ఉలి చేతికి తీసుకునే ముందు దాన్ని ముక్కు మీదికి లాక్కుంది.

లక్క ఎక్కడిది?

బొమ్మ ఆకారం వచ్చాక రంగు వేయాలి. కానీ ఇక్కడ కుంచె లేదు. రంగు డబ్బా లేదు. లక్క పుల్లలున్నాయి. పసుపు పచ్చ పుల్ల, ఎర్ర పుల్ల, నీలం పుల్ల.

పెద్దాయన ఎర్ర లక్క పుల్లను తిరిగే బొంగరానికి ఆనించి నొక్కాడు. రాపిడికి వేడి పుట్టింది. ఆ వేడికి లక్క కరిగింది. కరిగిన లక్క బొంగరానికి అంటుకుంది. తెల్ల బొంగరం కాస్తా ఎర్రగా మారిపోయింది.

తర్వాత ఎండిన మొగలి ఆకు తీసుకున్నాడు. తిరిగే బొంగరానికి ఆ ఆకును అదిమి పట్టాడు. లక్క అంతటా సమానంగా సర్దుకుంది. బొంగరం అద్దంలా మెరిసింది. దానిలో పెద్దమ్మకి తన ముఖం కనిపించింది.

"మొగలి పువ్వు జడలో పెట్టుకుంటామని తెలుసు గానీ, ఆకుకి ఇంత పనుందా!" అంది.

మరి లక్క ఎక్కడినుంచి వస్తుంది? లక్క చెట్టు జిగురు కాదు. దాన్ని చిన్న చిన్న పురుగులు తయారుచేస్తాయి. మోదుగు, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద ఈ పురుగులు వేలకొద్దీ చేరతాయి. కొమ్మ రసం పీలుస్తాయి. తమ ఒంటి చుట్టూ జిగురు కారుస్తాయి. ఆ జిగురు గట్టిపడి కొమ్మకు పొరలా అంటుకుంటుంది. ఆ పొరను గీకి తీస్తారు. కడిగి, కరిగించి, శుభ్రం చేస్తారు. అదే లక్క. మన దేశంలో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల్లో లక్క ఎక్కువగా పండుతుంది.

లక్క మనకు కొత్తది కాదు. హైదరాబాదు లాడ్ బజారులో అమ్మే లక్క గాజులు ఉన్నాయి. పాండవులను కాల్చి చంపాలని దుర్యోధనుడు కట్టించిన లక్క ఇంటి కథ అందరూ విన్నదే. లక్క వేడికి కరుగుతుంది, నిప్పుకు మండుతుంది. అందుకే ఆ ఇల్లు లక్కతో కట్టించాడు. ఆ కరిగే గుణాన్నే ఇక్కడ మంచికి వాడుకుంటున్నారు.

కాబట్టి లక్క బొమ్మను పొయ్యి దగ్గర పెట్టకూడదు. మండుటెండలో వదిలేయకూడదు. మెత్తని పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

రంగులు మన పెరట్లోవే

లక్కకు రంగు ఎలా వస్తుంది? లక్కను వేడి చేసి మెత్తబరుస్తారు. అందులో రంగు కలుపుతారు. పిండి పిసికినట్టు పిసుకుతారు. సాగదీసి పుల్లలు చేస్తారు.

ఆ రంగులు చాలావరకు మనం ఎరిగినవే. పచ్చ రంగుకి పసుపు. నారింజ ఎరుపుకి జాఫ్రా గింజలు. నీలం రంగుకి నీలిమందు ఆకు. పసుపునూ నీలాన్నీ కలిపితే ఆకుపచ్చ వస్తుంది. కరక్కాయ నుంచి కూడా రంగు తీస్తారు. ఆకులు, గింజలు, కాయలు, బెరళ్లు, వేర్లు అన్నీ పనికొస్తాయి.

మధ్యలో కొంతకాలం చౌకగా దొరికే రసాయన రంగులు వచ్చిపడ్డాయి. చేసేవాళ్లు చాలామంది వాటికి అలవాటు పడ్డారు. ఆ ఊరి మనిషి సి.వి. రాజు గారు మళ్లీ చెట్ల రంగుల మీద పట్టుబట్టారు. ఏ ఆకుతో ఏ రంగు వస్తుందో, ఆ రంగు లక్కలో నిలుస్తుందో లేదో ఏళ్ల తరబడి చూశారు. తోటి పనివాళ్లకు నేర్పారు. ఆ కృషికి 2023లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

నోట్లో పెట్టుకునే బొమ్మ

బిడ్డ తల్లి గిలక ఒకటి ఎంచుకుంది. ఆమెకు ఒక అనుమానం వచ్చింది.

"మావోడు ఏది ఇచ్చినా నోట్లో పెట్టుకుంటాడు. ఈ రంగు నోట్లో పడితే ఏమవుతుంది?"

అది మంచి ప్రశ్న. ప్రతి తల్లీ అడగవలసిన ప్రశ్న.

కొన్ని చౌక రంగుల్లో సీసం ఉంటుంది. సీసం ఒక లోహం. అది విషం. బిడ్డ బొమ్మను చీకితే రంగు పెచ్చులు కడుపులోకి పోతాయి. సీసం కొంచెం కొంచెంగా ఒంట్లో చేరుతుంది. బిడ్డ మెదడుకు చెరుపు చేస్తుంది. చదువు సరిగా ఎక్కదు. పైకి చూస్తే బిడ్డ బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఎంత కొంచెం సీసమైనా పిల్లలకు మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

లక్క, పసుపు, జాఫ్రా లాంటి వాటితో చేసిన బొమ్మకు ఆ భయం లేదు. అయితే చెక్క బొమ్మ కనిపించగానే అది మంచిదే అనుకోకూడదు. కొనేముందు అడగాలి. "ఇది ఏ రంగు? చెట్ల రంగా, రసాయన రంగా?" అని అడగాలి. అడగడానికి సిగ్గుపడకూడదు. చిన్నపిల్లల గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలు ఉన్నాయేమో కూడా చూడాలి.

ఇంకొక మాట. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మల మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలని రూలు వచ్చింది. ప్లాస్టిక్ బొమ్మ కొంటే పెట్టె మీద ఆ గుర్తు ఉందో లేదో చదివి చూడాలి. ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకున్న చేతిపనివాళ్లు చేసే బొమ్మలకు మాత్రం ఆ గుర్తు లేకపోయినా పరవాలేదు.

బిడ్డ తల్లి అడిగింది. పెద్దాయన చెట్ల రంగుల గిలకను వేరుగా తీసి చూపించాడు. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది.

బేరం ఎవరి కడుపు కొడుతుంది?

గిలక ధర చెప్పగానే పెద్దమ్మ ఊరుకోలేదు. "సంతలో ప్లాస్టిక్‌ది ఇందులో సగానికే వస్తుంది. తగ్గించి చెప్పు బాబూ" అంది.

పెద్దాయన నవ్వాడు. కోపం తెచ్చుకోలేదు. "లెక్క మీరే వేయండమ్మా" అన్నాడు. సంఘం లీడరు సంచిలోంచి కాగితం, పెన్ను తీసింది. అందరూ చుట్టూ చేరారు.

ఒక బొమ్మ 100 రూపాయలకు అమ్మారు అనుకుందాం. కర్ర, లక్క, రంగు, కరెంటు అన్నిటికీ కలిపి 45 రూపాయలు అయింది అనుకుందాం. దుకాణం వాళ్ల వాటా 25 రూపాయలు అనుకుందాం. రెండూ కలిపితే 70. నూటిలోంచి 70 తీసేస్తే 30. చేసినవాళ్లకి మిగిలేది 30 రూపాయలు.

ఆ బొమ్మకి గంటసేపు పట్టింది అనుకుందాం. రోజుకి 8 గంటలు పనిచేస్తే 8 బొమ్మలు. ఎనిమిది ముప్పైలు 240 రూపాయలు. అదీ అన్నీ అమ్ముడుపోతేనే.

ఇప్పుడు కొనేవాళ్లు బేరమాడి 20 రూపాయలు తగ్గించారు. కర్ర ధర తగ్గదు. లక్క ధర తగ్గదు. కరెంటు బిల్లు తగ్గదు. దుకాణం వాళ్లు తమ వాటా వదులుకోరు. మరి ఆ 20 ఎక్కడినుంచి పోతుంది? చేసినవాళ్ల 30లోంచే పోతుంది. మిగిలేది 10. ఎనిమిది పదులు 80 రూపాయలు.

లీడరు కాగితం మీద 240 పక్కన 80 అని రాసింది. అందరూ ఆ రెండు అంకెలూ చూశారు. ఎవరూ మాట్లాడలేదు.

కాసేపటికి ఒకామె మెల్లగా అంది. "మొన్న సంతలో నా చింతపండుకి కూడా ఇలాగే బేరమాడారు. వాళ్లు పది రూపాయలే తగ్గించామనుకున్నారు. నాకు ఆ రోజు ఆటో డబ్బులు కూడా మిగల్లేదు."

పెద్దమ్మ ఇంక బేరమాడలేదు. కానీ ఒక మాట అడిగింది. "దుకాణం వాళ్ల వాటా లేకపోతే?"

పెద్దాయన ముఖం వెలిగింది. "అదీ మాట! నలుగురు కలిసి సొంతంగా అమ్ముకుంటే ఆ 25 కూడా చేసినవాళ్లకే వస్తుంది. కానీ అమ్ముకోవడం కూడా ఒక విద్యేనమ్మా. దానికి లెక్కలు రావాలి, రాత రావాలి" అన్నాడు.

పేరుకు కాపలా

షెడ్డు గోడకు ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద ఇంగ్లీషులో 'జీఐ' అని పెద్ద అక్షరాలున్నాయి. అదేమిటని అడిగారు.

అది ఊరి పేరుకు ప్రభుత్వం ఇచ్చే రక్ష. ఏ వస్తువు ఏ ఊరి పనితనంతో పేరు తెచ్చుకుందో, ఆ పేరు ఆ ఊరివాళ్లకే చెందుతుందని రాసిస్తారు. దీన్ని భౌగోళిక గుర్తింపు అంటారు. ఏటికొప్పాక బొమ్మలకు ఇది 2017లో వచ్చింది. ఎక్కడో ఫ్యాక్టరీలో చేసిన బొమ్మను 'ఏటికొప్పాక బొమ్మ' అని అమ్మితే అది తప్పు. పోచంపల్లి చీరకూ, కొండపల్లి బొమ్మకూ కూడా ఇలాంటి గుర్తింపు ఉంది.

2025 జనవరి 26న ఢిల్లీలో జరిగిన రిపబ్లిక్ డే ఊరేగింపులో మన రాష్ట్రం శకటం మీద ఏటికొప్పాక బొమ్మలే ఉన్నాయి. రాష్ట్రాల శకటాల్లో దానికి మూడో బహుమతి వచ్చింది.

పేరు ఒక్కటే అన్నం పెట్టదు. పెట్టుబడీ కావాలి. చేతివృత్తుల వాళ్ల కోసం 2023 సెప్టెంబరులో పి.ఎం. విశ్వకర్మ అనే పథకం వచ్చింది. అందులో 18 వృత్తులున్నాయి. సంప్రదాయ బొమ్మలు చేసేవాళ్లు కూడా ఉన్నారు. శిక్షణ ఇస్తారు. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఉంటుంది. తాకట్టు లేకుండా మొదట లక్ష రూపాయల వరకు అప్పు ఇస్తారు. అది తీర్చాక రెండో అప్పు రెండు లక్షల వరకు ఇస్తారు. వడ్డీ నూటికి ఏడాదికి 5 రూపాయలు. ఇంటికి ఒక్కరికే ఇస్తారు. ఆ ఒక్కరు ఆడమనిషి కూడా కావచ్చు.

చెట్టు లేకపోతే?

మధ్యాహ్నం అయింది. ఏటి ఒడ్డున చెట్టు కింద కూర్చుని చద్దన్నం మూటలు విప్పారు. పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నాడు. ఒక ఆవకాయ ముక్క అడిగి వేయించుకున్నాడు.

"మీ పనికి అన్నిటికన్నా పెద్ద కష్టం ఏది బాబూ?" అని అడిగింది లీడరు.

"కర్రమ్మా" అన్నాడు వెంటనే. "రంగు లేకపోతే తెల్లగా అమ్ముకుంటాం. కరెంటు లేకపోతే రేపు చేసుకుంటాం. అంకుడు లేకపోతే ఏం చేస్తాం? ఇదివరకు దగ్గర కొండల్లోనే దొరికేది. ఇప్పుడు దూరం పోవాలి. కొట్టేవాళ్లే గానీ నాటేవాళ్లు లేరు."

పెద్దమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"బాబూ, నేను ఇరవై ఏళ్లుగా అంకుడు కొడుతున్నాను. బేగి మండుతుంది కదా అని పొయ్యిలో పెడుతున్నాను. చిన్న చిన్న మొక్కల్ని కూడా మొదలంటా నరికేశాను. అది ఇంత పనికొచ్చే చెట్టని నాకు ఎవరూ చెప్పలేదు" అంది.

"మీ తప్పు కాదమ్మా. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా" అన్నాడు పెద్దాయన. "కానీ ఒక మాట. అంకుడుని నేలమట్టానికి కొట్టి, వేళ్లు పెకలించేస్తే చెట్టు చచ్చిపోతుంది. మొదలు ఉంచి కొడితే మళ్లీ చిగురు వేస్తుంది. పిల్ల కొమ్మలు లేస్తాయి. కొన్నేళ్లకి మళ్లీ కర్ర చేతికొస్తుంది."

"అయితే మేం కొండమీద కర్ర కొట్టి తెచ్చి మీకు అమ్మొచ్చా?" అని అడిగింది ఇంకొకామె ఆశగా.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "వద్దమ్మా. అడవి చెట్టు మీద చెయ్యి వేయాలంటే అటవీ శాఖ వాళ్ల అనుమతి ఉండాలి. లేకపోతే కేసవుతుంది. మీ సొంత పొలం గట్ల మీద నాటుకోండి. కొట్టేముందు, బండికెత్తే ముందు కూడా ఫారెస్టు ఆఫీసులో అడగండి. కాగితం ఉంటే మీకూ భయం లేదు, మాకూ భయం లేదు."

చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. ఈ ఏడు నాటితే పై ఏడు డబ్బు రాదు. ఆ సంగతీ ఆయన దాచలేదు.

తిరుగు ప్రయాణం

సాయంత్రం బస్సెక్కారు. బిడ్డ తల్లి ఒడిలో గిలక ఉంది. ఒకామె లక్క పిడతలు కొంది. ఇంకొకామె కుంకుమ భరిణె కొంది. పెద్దమ్మ ఏ బొమ్మా కొనలేదు. షెడ్డు నేల మీద పడి ఉన్న ఒక చిన్న అంకుడు ముక్కను అడిగి తెచ్చుకుంది. దారి పొడవునా దాన్ని అరచేతిలో పట్టుకునే కూర్చుంది.

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. పొయ్యి పక్కన నిన్న తెచ్చిన కట్టెల మోపు ఉంది. పెద్దమ్మ దీపం దగ్గరికి తెచ్చి ఒక్కొక్క కర్రా చూసింది. అందులో మూడు అంకుడు కర్రలు. ఆ మూడూ తీసి పక్కన పెట్టింది. మిగిలిన వాటితో పొయ్యి వెలిగించింది.

మరుసటి నెల మీటింగు జరిగింది. మినిట్స్ పుస్తకం లీడరు దగ్గర ఉంటుంది. "ఈసారి నేను రాస్తాను" అంది పెద్దమ్మ. ఆమె చదువు నేర్చుకున్న ఏడుగురిలో ఒకతె. కానీ అంతకుముందు ఆ పుస్తకంలో సంతకం తప్ప ఇంకేమీ రాయలేదు. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. అయినా మూడు మాటలూ తనే రాసింది.

ఒకటి. కొండమీద అంకుడు మొక్కను ఎవరూ కొట్టకూడదు.

రెండు. వానలు పడగానే ఒక్కొక్క ఇంటివాళ్లు గట్టు మీద అయిదేసి అంకుడు మొక్కలు నాటాలి. ఫారెస్టు ఆఫీసుకి పోయి మొక్కల గురించీ, రూల్సు గురించీ అడగాలి.

మూడు. సంతలో ఎవరి చింతపండు వాళ్లు విడిగా అమ్మకుండా అందరూ కలిపి అమ్మాలి. ఒకటే ధర చెప్పాలి.

మూడో మాట దగ్గర కొంచెం గొడవ అయింది. ఇద్దరు ఒప్పుకోలేదు. "ముందు ఒక్క సంత చూద్దాం" అన్నారు. సరే, ఒక్క సంత చూద్దామని రాసుకున్నారు. కింద పన్నెండు మందీ సంతకాలు చేశారు.

మాట్లాడుకోండి

1. మీ ఊరి చుట్టుపక్కల ఏ చేతిపని ఉంది? దానికి ముడిసరుకు ఎక్కడినుంచి వస్తుంది?

2. మీ కొండమీద, మీ గట్ల మీద ఉన్న చెట్ల పేర్లు రాయండి. ఏ చెట్టు దేనికి పనికొస్తుందో పక్కన రాయండి.

3. మీరు అమ్మే వస్తువు ఒకటి తీసుకోండి. ఖర్చు ఎంత? మధ్యవాళ్ల వాటా ఎంత? మీకు మిగిలేది ఎంత? లెక్క వేసి చూడండి.

4. మీ ఇంట్లో పసిబిడ్డ ఆడుకునే బొమ్మ మీద ఏ గుర్తు ఉంది? చదివి చూడండి.